కిడ్నీ జబ్బు: భయపడాల్సింది బీపీ గోలీకి కాదు

నేను హనుమకొండలో కిడ్నీ డాక్టర్‌ని. ములుగు, భూపాలపల్లి, జనగామ, మానుకోట వైపు నుంచి వచ్చే పేషెంట్లలో ఒక విషయం మళ్లీ మళ్లీ చూస్తున్నాను. కిడ్నీని కాపాడే మందును భయపడి మానేస్తున్నారు. కిడ్నీని దెబ్బతీసే మందును అడిగి మరీ వేయించుకుంటున్నారు. ఈ తారుమారు వల్ల డయాలసిస్ దాకా వచ్చినవాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: "బీపీ, షుగర్ గోలీలు ఏండ్లకేండ్లు వాడితే కిడ్నీలు ఖరాబైతయి."

వాస్తవం: ఈ మాట ఎలా పుడుతుందో చెప్తాను. ఒకాయన పదేళ్లు మెట్‌ఫార్మిన్ అనే షుగర్ గోలీ వాడతాడు. ఆ తర్వాత రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం) పెరిగిందని తేలుతుంది, డాక్టర్ ఆ గోలీ ఆపేస్తాడు. ఊళ్లోకి వెళ్లే కబురు మాత్రం ఇంకోలా ఉంటుంది: "ఆ గోలీతోనే కిడ్నీ పోయిందట, అందుకే బంద్ చేయించిండ్రు." నిజానికి కిడ్నీని దెబ్బతీసింది అదుపు తప్పిన షుగర్. మెట్‌ఫార్మిన్ బయటికి పోయేది కిడ్నీ దారిలోనే. కిడ్నీ వడపోతను లెక్కగట్టే జీఎఫ్ఆర్ 45 కిందికి దిగితే డోసు తగ్గిస్తాం, 30 కిందికి దిగితే ఆపేస్తాం. మందు ఒంట్లో పేరుకోకూడదని చేసే పని అది.

ఇక కిడ్నీని నేరుగా కాపాడే మందుల సంగతి. లోసార్టాన్ అనే బీపీ గోలీని షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతిన్న 1,513 మందికి ఇచ్చి చూశారు. ఆ ఫలితాలు 2001లో వచ్చాయి. కిడ్నీ పూర్తిగా ఫెయిలయ్యే ముప్పు 28 శాతం తగ్గింది. 2020లో డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ గోలీ వంతు. మన దేశంతో కలిపి 21 దేశాల్లో 4,304 మంది మీద జరిగిన పరిశోధన అది. ప్రయోజనం ఎంత స్పష్టంగా కనిపించిందంటే, ట్రయల్‌ను గడువుకు ముందే ఆపేశారు. అందులో సుమారు మూడో వంతు మందికి షుగర్ లేదు, వాళ్లకూ మేలు జరిగింది. అదే ఏడాది మన దగ్గర ఆ మందు పేటెంట్లలో మొదటిది ముగిసింది. చాలా కంపెనీలు తయారు చేయడంతో ధర బాగా దిగింది. మామూలు కుటుంబానికి అందే ధరలో ఇంత మంచి కిడ్నీ మందు దొరకడం నాకు నిజంగా సంతోషం.

ఈ మందులు మొదలుపెట్టిన కొత్తలో క్రియాటినిన్ కొంచెం పెరగొచ్చు. 30 శాతం లోపు పెరుగుదల అయితే మేం ఆపం. రిపోర్టు చూసి టెన్షన్ పడి మీరూ ఆపొద్దు. కానీ వాంతులు, విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరు పోతున్నప్పుడు వీటిని తాత్కాలికంగా ఆపాల్సి ఉంటుంది. ఏది ఆపాలి, ఎన్ని రోజులు ఆపాలి అన్నది మీ డాక్టర్‌ని ముందే అడిగి రాసిపెట్టుకోండి.

అపోహ: "నొప్పి గోలీయే కదా, ఏం కాదు."

వాస్తవం: మిర్చి ఏరే రోజుల్లో, పత్తి తీసే రోజుల్లో నడుం నొప్పి, మోకాళ్ల నొప్పి అని రోజుకో సూది వేయించుకునేవాళ్లు ఎందరో. ఎనుమాముల మార్కెట్‌లో బస్తాలు మోసే హమాలీలదీ అదే కథ. మా దగ్గరికి వచ్చినప్పుడు "ఏం గోలీలు వాడుతున్నావు బాపూ?" అంటే జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీస్తారు. అందులో విడిగోలీలు రెండో మూడో ఉంటాయి. లేదా కత్తెరతో కత్తిరించిన స్ట్రిప్ ముక్క ఉంటుంది, పేరున్న వైపు పోయి ఉత్త వెండి రేకు మిగిలి ఉంటుంది. అది ఏ గోలీయో వాడేవాళ్లకు తెలియదు, మాకూ తెలియదు.

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటివి కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నని నాళాలను బిగుసుకునేలా చేస్తాయి. ఎండలో చెమటోడ్చి, నీళ్లు సరిగా తాగని మనిషికి అసలే రక్తప్రసరణ తక్కువగా ఉంటుంది. దానిమీద ఈ సూది. బ్రిటన్‌లో బీపీ మందులు వాడే 4 లక్షల 87 వేల మంది వివరాలు పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించారు. లోసార్టాన్ తరహా మందు, మూత్రం ఎక్కువ పోయించే మందు రెండూ వాడుతున్నవాళ్లు వాటికి నొప్పి గోలీ కూడా కలిపితే, కిడ్నీ హఠాత్తుగా దెబ్బతినే ముప్పు 31 శాతం పెరిగింది. మొదటి నెలలో అయితే 82 శాతం.

డైక్లోఫెనాక్ ఏం చేయగలదో రాబందులను అడగాలి. ఆ మందు వేసిన పశువులు చనిపోయాక, వాటి కళేబరాలు తిన్న రాబందుల కిడ్నీలు పాడై గుంపులు గుంపులుగా చచ్చిపోయాయని 2004లో తేలింది. 2006లో మన ప్రభుత్వం పశువులకు ఆ మందు వాడకాన్ని నిషేధించింది. ఆసిఫాబాద్ జిల్లా పాలరాపుగుట్ట మీద రాబందులు కనిపించడం అంత పెద్ద వార్త అయింది అందుకే. మనిషి కిడ్నీ ఆ పక్షి కిడ్నీ అంత సున్నితం కాదు, ఒక్క గోలీతో పోదు. కానీ బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, అరవై దాటినవాళ్లు నొప్పికి మొదట పారాసిటమాల్ అడగండి. ఏ గోలీ అయినా పేరు కనిపించేలా స్ట్రిప్ ఇమ్మనండి.

అపోహ: "ఆకు పసరుతో సైడ్ ఎఫెక్టులు ఉండవు."

వాస్తవం: నల్లరేగడి చేలల్లో మొలిచే గాడిదగడపాకు చాలామందికి తెలుసు. నులిపురుగులకని, దురదలకని వాడతారు. అందులో అరిస్టలోకిక్ ఆమ్లం ఉంటుంది. బెల్జియంలో సన్నబడటానికి ఇచ్చిన మూలికల బిళ్లల్లో ఇదే జాతి మొక్క పొరపాటున కలిసింది. వాటిని మింగిన ఆడవాళ్ల కిడ్నీలు వేగంగా ఎండిపోయాయని 1993లో బయటపడింది. తర్వాత కొందరికి మూత్రనాళాల్లో కేన్సర్ కూడా వచ్చింది. ప్రతి మూలికా విషమని నేననడం లేదు. కిడ్నీ జబ్బు ఉందని తెలిశాక మాత్రం పేరు తెలియని పసరు, భస్మం ఏదీ తాగొద్దు.

అపోహ: "మూత్రం మంచిగనే వస్తుంది సారూ, కిడ్నీలకేమైతది?"

వాస్తవం: ఎక్కువమంది దారి తప్పేది ఇక్కడే. జబ్బు బాగా ముదిరేదాకా మూత్రం పరిమాణం తగ్గదు. పైగా మూత్రాన్ని చిక్కబరిచే శక్తి ముందే పోతుంది కాబట్టి రాత్రిపూట ఎక్కువసార్లు లేవాల్సి వస్తుంది. నొప్పి ఉండదు. కాళ్ల వాపు, ఆయాసం వచ్చేసరికి చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది.

క్రియాటినిన్ ఒక్కటే చూసినా సరిపోదు. సగం వడపోత పోయాక గానీ అది గీత దాటదు. పైగా అదే అంకె అందరికీ ఒకటి కాదు. క్రియాటినిన్ 1.2 ఉన్న పాతికేళ్ల అబ్బాయికి ఇప్పటి లెక్క ప్రకారం జీఎఫ్ఆర్ 86 వస్తుంది. అదే 1.2 ఉన్న అరవై ఏళ్ల అవ్వకు 52 వస్తుంది. రిపోర్టులో మాత్రం ఇద్దరికీ "నార్మల్" అనే ఉండొచ్చు. జీఎఫ్ఆర్ 60 కిందే మూడు నెలలకు మించి ఉంటే అది దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు.

అన్నిటికంటే ముందే పసిగట్టే పరీక్ష మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్, క్రియాటినిన్ నిష్పత్తి చూడటం. ఏసీఆర్ అంటారు. ఇది 30 దాటిందంటే జీఎఫ్ఆర్ బాగానే ఉన్నా వడపోత పొర కారుతున్నట్టే. మామూలు మూత్ర పరీక్షలో "నిల్" అని వచ్చినవాళ్లలోనూ ఇది బయటపడుతుంది. పొద్దున్నే మొదటి మూత్రం ఇస్తే చాలు. షుగర్ ఉన్న ప్రతి ఒక్కరూ ఏడాదికోసారి చేయించుకోవాలి, బీపీ ఉన్నవాళ్లూ చేయించుకోవడం మంచిది. దేశంలో 10 కోట్లకు పైగా షుగర్ పేషెంట్లు ఉన్నారని 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే చెప్పింది. వేలికి సూది గుచ్చి షుగర్ చూసుకునే శ్రద్ధలో కొంచెమైనా ఈ పరీక్ష మీద పెడితే మా దగ్గరికి ఇంత ఆలస్యంగా రారు.

అపోహ: "షుగర్ దానంతటదే తగ్గింది. గోలీలు సగం చేసినా లో అవుతుంది, అంటే నయమవుతుంది."

వాస్తవం: దయచేసి దీన్ని శుభవార్త అనుకోవద్దు. ఒంట్లోని ఇన్సులిన్‌లో కొంత కిడ్నీలోనే విరుగుతుంది. కిడ్నీ నీరసిస్తే ఇన్సులిన్ ఎక్కువసేపు నిలిచి షుగర్ పడిపోతుంది. తిండి, బరువు మారకుండానే మందుల అవసరం తగ్గిపోతుంటే వెంటనే కిడ్నీ పరీక్ష చేయించండి.

అపోహ: "బిందెడు నీళ్లు తాగితే కిడ్నీ కడిగినట్టయితది."

వాస్తవం: రాళ్లున్నవాళ్లకు ఎక్కువ నీళ్లు మేలే. ఎండలో పనిచేసేవాళ్లకు తప్పనిసరి. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉన్న 631 మందిపై కెనడాలో చేసి 2018లో ప్రకటించిన పరిశోధనలో మాత్రం, అదనంగా నీళ్లు తాగించినా జబ్బు నెమ్మదించలేదు. కాళ్లు వాచినవాళ్లు అలా తాగితే ఆయాసం వస్తుంది.

అపోహ: "ఒక్కసారి డయాలసిస్ ఎక్కితే ఇక అంతే."

వాస్తవం: రక్తపింజర కాటుతోనో, విరేచనాలతోనో కిడ్నీ హఠాత్తుగా ఆగినవాళ్లలో చాలామంది కొన్ని వారాల డయాలసిస్ తర్వాత కోలుకుని ఇంటికి వెళ్తారు. దీర్ఘకాలిక జబ్బులో అవసరం శాశ్వతమే, కానీ తొందరపడి మొదలుపెట్టక్కర్లేదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 828 మందిని పరిశీలించి 2010లో తేల్చింది ఇదే: ముందే మొదలుపెట్టినవాళ్లు అదనంగా బతకలేదు. లక్షణాలు చూసి మొదలుపెట్టొచ్చు. ఆరోగ్యశ్రీలో డయాలసిస్ ఉంది. అవయవ మార్పిడికి ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు.

జీఎఫ్ఆర్ 30 కిందికి వచ్చినవాళ్లు ఇప్పటినుంచే చేయాల్సింది ఒకటుంది. డయాలసిస్ కోసం చేతిలో ఫిస్టులా (రెండు రక్తనాళాలను కలిపి కుట్టే ఏర్పాటు) పెట్టే నరం మంచిగా ఉండాలి, పెట్టాక అది ముదరడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మామూలుగా ఎడమ చేతికి పెడతాం, ఎడమచేతి వాటం వాళ్లకైతే కుడిచేతికి. కాబట్టి రక్తపరీక్షకు, సెలైన్‌కు ఆ చేతి మోచేతి మడత దగ్గర, మణికట్టు దగ్గర సూది గుచ్చనివ్వకండి. రెండో చేతి అరచేతి వెనకవైపు గుచ్చమని నర్సమ్మకు చెప్పండి.