నాయనమ్మ వాము, బడిలో మాత్ర

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

ఫిబ్రవరి 10న బడిలో నులిపురుగుల మాత్ర నమిలించారట. "వాము తింటే పురుగులు చస్తాయని నాయనమ్మ అంటుందిగా, మళ్లీ మాత్రెందుకు?" అని చిన్నది నిలదీసింది. ఫోన్‌లో తేలే సంగతి కాదని రాస్తున్నాను.

నాయనమ్మ మాట పూర్తిగా కొట్టేయకండి. కొట్టేస్తే నాకు కాఫీ రాదు. బియ్యం డబ్బాలో ఆవిడ ఎండు వేపాకు వేస్తుంది చూశారుగా, ఆ ఘాటుకు పురుగు నిలవదు. కడుపు కూడా ఒక డబ్బా అనుకోండి. మొక్కలు పారిపోలేవు కనుక తమను కొరికే పురుగుల కోసం ఘాటు నూనెలు దాచుకుంటాయి. వాములోని ఆ ఘాటు పేరు థైమాల్.

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో చెప్పుల్లేకుండా తిరిగే పిల్లల పాదాల్లోంచి కొంకిపురుగులు దూరి, పేగుల్లో చేరి రక్తం పీల్చేవి. 1909లో రాక్‌ఫెల్లర్ అనే చమురు కోటీశ్వరుడు 10 లక్షల డాలర్లు ఇస్తే ఒక సంఘం పెట్టి, వాటి మీద ప్రయోగించిన మందు థైమాలే! ఆ కాలంలో థైమాల్ తీయడానికి మన దేశపు వాము ఓడల్లో జర్మనీ వెళ్లేది.

అయితే డబ్బాలో ఆకు ఎక్కువైతే అన్నమే చేదెక్కుతుంది. ఇక్కడా అంతే. పురుగు చచ్చేంత థైమాల్ మనిషికీ ప్రమాదమే. నూనె, నెయ్యి తగిలితే కరిగి రక్తంలోకి ఎక్కుతుంది. అందుకని రోగులను కొవ్వు ముట్టనిచ్చేవారు కాదు, వెనకాలే విరేచనాల ఉప్పు తాగించేవారు. డబ్బాకు రక్తం ఉండదు కదా తాతయ్యా అంటారేమో, కాస్త సర్దుకోండి. మీరు బడిలో నమిలిన 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్ర రక్తంలోకి పెద్దగా పోదు. పేగులోనే ఉండి పురుగుకు చక్కెర అందకుండా చేస్తుంది. కాబట్టి అజీర్తికి వాము, పురుగులకు మాత్ర. నేల మీదికి దిగితే చెప్పులు. ఈ చివరిది మీ అన్నయ్యకు పెద్దగా చదివి వినిపించండి.

నా చిన్నప్పుడు మా వీధిలో ఒక పెద్దాయన అమృతధార అనే మందు చేసేవాడు. ముద్దకర్పూరం, పుదీనా పువ్వు, వాము పువ్వు, మూడూ గట్టి పలుకులే. వాము పువ్వంటే థైమాలే లెండి. మూడింటినీ సీసాలో వేసి మూత పెడితే, చుక్క నీళ్లు పోయకుండానే కాసేపటికి నీరైపోయేవి! మేం బడి మాని మరీ చూసేవాళ్లం. ఎందుకలా అవుతుందో తర్వాత చదువుకున్నాను గానీ, ఇప్పుడు చూపించినా నోరు తెరిచే చూస్తాను.

రేపు పెరట్లో ఒక నిమ్మాకు కోసి ఎండకేసి పట్టుకోండి. సన్నటి వెలుగు చుక్కలు కనిపిస్తాయి, అవి నూనె తిత్తులు. కరివేపాకులోనూ ఉంటాయి. వామాకులో అలా కనిపించవు, దాని నూనె పైనున్న నూగులో ఉంటుంది. మారేడాకు సంగతేమిటో మీరే చూసి నాకు రాయండి.

మీ తాతయ్య