రాజుగారి మేడలో తయారైన గుండె కవాటం

1974లో కేరళ ముఖ్యమంత్రి అచ్యుత మేనన్ పిలిస్తే డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ తిరువనంతపురం వచ్చారు. అప్పటికి అక్కడ తిరువాంకూరు రాజకుటుంబం ప్రజల కోసం ఇచ్చిన భవనం ఉంది కానీ ఆసుపత్రి ఇంకా మొదలు కాలేదు. ఆయనకు నలభై ఏళ్లు. సొంత ఊరు కేరళలోని మావెలిక్కర. తిరువనంతపురంలో ఎం.బి.బి.ఎస్., లివర్‌పూల్‌లో సర్జరీ శిక్షణ, ఆ తర్వాత అమెరికాలో జాన్స్ హాప్కిన్స్, జార్జ్‌టౌన్ ఆసుపత్రుల్లో గుండె ఆపరేషన్ల అనుభవం. ఇంత చదువుకున్న సర్జన్‌కి కొత్త ఆసుపత్రి అప్పగిస్తే ఎవరైనా ముందు ఆపరేషన్ థియేటర్లు కట్టిస్తారు. ఆయన వాటితో పాటు వర్క్‌షాపు కూడా కావాలన్నారు.

ఆసుపత్రి 1976లో మొదలైంది. ఇంజనీర్ల విభాగానికి పూజప్పురలో రాజకుటుంబానిదే అయిన సాటెల్‌మండ్ ప్యాలెస్ దొరికింది. ఒకప్పటి అంతఃపురం గదుల్లోకి లోహం కోసే యంత్రాలు, ప్లాస్టిక్ పరీక్షించే పరికరాలు వచ్చి చేరాయి. 1980లో పార్లమెంటు చట్టంతో ఇదంతా కలిపి శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థగా జాతీయ హోదా పొందింది.

వర్క్‌షాపు ఎందుకన్నది అర్థం కావాలంటే, రక్తం ఒకే దిక్కున పోయేలా చూసే తలుపుల్లాంటి గుండె కవాటాలు మన దేశంలో ఎలా చెడిపోతాయో తెలియాలి. ఇరుకు ఇళ్లలో, గాలి ఆడని చోట్ల పెరిగే పిల్లలకు స్ట్రెప్టోకోకస్ అనే బ్యాక్టీరియా వల్ల గొంతునొప్పి వస్తుంది. చాలామందికి అది నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. కొందరిలో మాత్రం ఆ క్రిమి మీదికి లేచిన రోగనిరోధక శక్తి దారి తప్పి సొంత కీళ్ల మీద, గుండె మీద పడుతుంది. అదే రుమాటిక్ జ్వరం. కీళ్ల నొప్పులు వచ్చి పోతాయి, గుండెకు తగిలిన దెబ్బ మాత్రం ఉండిపోతుంది. కవాటపు రెక్కలు మందమై, ఒకదానికొకటి అతుక్కుని, సరిగా తెరుచుకోవు, సరిగా మూసుకోవు. ఇరవై ఏళ్ల కుర్రవాడు మెట్లెక్కలేక ఆయాసపడతాడు, కొత్తగా పెళ్లయిన అమ్మాయికి కాన్పు ప్రాణగండమవుతుంది. బాగుచేయడానికి వీల్లేనంతగా చెడితే కవాటాన్ని మార్చాల్సిందే. కవాటాలేమో విదేశాల నుంచి రావాలి. ఆ ధర పెట్టగల ఇళ్లకు ఈ జబ్బు వచ్చేది తక్కువ.

వలియత్తాన్‌కి కృత్రిమ కవాటం కొత్త సంగతి కాదు. జార్జ్‌టౌన్‌లో ఆయన పనిచేసింది చార్లెస్ హఫ్‌నాగెల్ దగ్గర. 1952లో మొట్టమొదట మనిషి శరీరంలో కృత్రిమ కవాటం అమర్చింది ఆ హఫ్‌నాగెలే. అప్పటికి గుండె తెరిచి ఆపరేషన్ చేసే వీలు లేదు కనుక, ఛాతీలో కిందికి దిగే మహాధమనిలో ఒక ప్లాస్టిక్ గొట్టం పెట్టి, అందులో బంతి ఎగిరిపడేలా చేశారు. ఆ బంతి కొట్టుకునే టక్ టక్ శబ్దం పక్కన కూర్చున్నవాళ్లకు కూడా వినిపించేది.

తిరువనంతపురంలో ఎంచుకున్నది బంతి కాదు, వాలే బిళ్ల. బోరింగు పంపు లోపల నీళ్లను పైకి పోనిచ్చి కిందికి జారనివ్వని తోలు వాషర్‌ని చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఒక లోహపు చట్రం, దాని చుట్టూ గుండెకు కుట్టడానికి గుడ్డ అంచు, చట్రంలో రెండు కొక్కేల మధ్య గుండ్రటి బిళ్ల. రక్తం తోస్తే బిళ్ల పక్కకు వాలుతుంది, వెనక్కి రాబోతే మూసుకుంటుంది. బొమ్మ గీయడం సులువే. కానీ నిమిషానికి 70 సార్లు కొట్టుకునే గుండెలో ఆ బిళ్ల రోజుకు లక్షసార్లు, ఏడాదికి సుమారు 3 కోట్ల 68 లక్షల సార్లు తెరుచుకుని మూసుకోవాలి. పైగా రక్తం నీరు కాదు. కొత్త వస్తువు తగిలితే గడ్డ కడుతుంది, గట్టిగా నలిగితే కణాలు పగిలిపోతాయి.

ఒకదాని తర్వాత ఒకటిగా మూడు నమూనాలు విఫలమయ్యాయి. వెల్డింగ్‌తో కొక్కెం అతికించిన చోట లోహం పెళుసుబారి విరిగింది. సరే, గట్టి పదార్థం ఎన్నుకుందామని బిళ్లను నీలమణి స్ఫటికంతో చేయించారు. వజ్రానికి ఒక్క మెట్టు కిందనుండే గట్టిదనం దానిది. అయితే సానరాయి కత్తిని అరగదీసినట్టు ఆ బిళ్ల టైటానియం చట్రాన్ని అరగదీసింది. గట్టిదనంతో పాటు పెళుసుదనమూ ఉండటంతో దెబ్బకు పగిలే ప్రమాదమూ బయటపడింది. ఇవన్నీ పరీక్షా యంత్రాల మీద, గొర్రెల మీద చేసిన ప్రయోగాల్లో తేలినవి. ఒక్క మనిషి గుండెలోనూ కాదు.

ఈ ఆఖరి మాట దగ్గర నేను కాస్త ఆగుతాను. సరిగ్గా ఆ ఏళ్లలోనే పాశ్చాత్య దేశాల్లో బ్యోర్క్–షైలీ అనే ప్రసిద్ధ కవాటంలో ఒక రకం వేల మంది గుండెల్లో ఉండగా, వెల్డింగ్ చేసిన కొక్కెం విరిగి బిళ్ల ఊడిపోవడంతో రోగులు చనిపోయారు. 1986లో ఆ రకాన్ని మార్కెట్ నుంచి తీసేశారు. తిరువనంతపురం బృందం చేతిలో అంత డబ్బు లేదు, అంత పేరూ లేదు. బయటి నుంచి చూసేవాళ్లకు ఏళ్ల తరబడి ఫలితం లేని ఖర్చే కనిపించి ఉంటుంది. అయినా యంత్రం మీద విరిగినదాన్ని పక్కన పడేయకుండా ఎందుకు విరిగిందో చూసి, తర్వాతి నమూనా గీసుకున్నారు. ఆ ఓపికే ఈ కథలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపిస్తుంది.

నాలుగో నమూనాలో వెల్డింగే లేదు. జెట్ ఇంజన్లలో వాడే హేన్స్ 25 అనే కోబాల్ట్, క్రోమియం మిశ్రలోహపు దిమ్మ నుంచి చట్రాన్ని, కొక్కేలను ఒకే ముక్కగా చెక్కారు. బిళ్లకు గట్టి రాయిని వదిలి మెత్తని దారికి వచ్చారు. తుంటి కీలు మార్పిడిలో గిన్నెకు వాడే అతిదీర్ఘ అణువుల పాలిథిలీన్ అనే ప్లాస్టిక్ అది. అరుగుతుంది, కానీ చాలా నెమ్మదిగా. పగలదు, చట్రాన్ని కొరకదు, మూసుకునేటప్పుడు పెద్దగా చప్పుడూ చేయదు. 1990 డిసెంబరు 6న ఆ కవాటాన్ని మొదటిసారి ఒక రోగికి అమర్చారు. దేశంలోని ఆరు ఆసుపత్రుల్లో 306 మంది మీద పరీక్ష పూర్తయ్యాక టి.టి.కె. సంస్థ దాన్ని ఉత్పత్తి చేయడం మొదలుపెట్టింది. ఇప్పటికి లక్షకు పైగా గుండెల్లో దాన్ని అమర్చారు. లోహపు కవాటం పెట్టుకున్న ఎవరైనా రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మందు వాడుకోవాల్సిందే, ఈ కవాటానికీ ఆ బాధ తప్పదు. అదే మేడలో తయారైన రక్తపు సంచులు కూడా మన రక్తనిధుల్లో గాజు సీసాల స్థానంలోకి వచ్చాయి.

కవాటం పేరు మోగడంతో ఆయన చేసిన ఇంకో పరిశోధన మరుగున పడిపోయింది. కేరళ తీరంలో ఆ రోజుల్లో పేద పిల్లలకు, యువకులకు ఒక వింత గుండె జబ్బు వచ్చేది. గుండె లోపలి పొర తోలులా మందమై గట్టిపడిపోతుంది. గది సాగదు, రక్తం లోపలికి రాదు. పొట్ట నీరు పట్టి కుండలా ఉబ్బుతుంది, కాళ్లు చేతులు పుల్లల్లా అవుతాయి. ఎండోమయోకార్డియల్ ఫైబ్రోసిస్ దాని పేరు. 1940ల్లో ఉగాండాలో దీన్ని మొదట వివరించారు. వలియత్తాన్ ఆ మందపు పొరను గుండె గోడ నుంచి ఒలిచి తీసేవారు. ఎంతో ప్రమాదమున్న ఆపరేషన్ అది. చేతిలోకి వచ్చిన ఆ పొరను చూస్తూ ఆయన వేసుకున్న ప్రశ్న మాత్రం సర్జన్లు మామూలుగా వేసుకునేది కాదు: ఇది ఇక్కడే ఎందుకు వస్తోంది?

కేరళ తీరపు ఇసుకలో మోనజైట్ ఉంది. మన భీమునిపట్నం తీరంలో కనబడే నల్ల ఇసుకలోనూ ఉన్న ఖనిజమే. అందులో థోరియం, సీరియం అనే లోహాలు ఉంటాయి. రోగుల గుండె కణజాలంలో ఆ మూలకాల పాళ్లు ఎక్కువగా, మెగ్నీషియం తక్కువగా ఉన్నట్టు ఆయన బృందం చూసింది. అక్కడి పేదల కడుపు నింపేది కర్రపెండలం. సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం కోసం పండించే దుంపే, కేరళలో అన్నానికి బదులు తింటారు. మట్టిలోని సీరియం దుంపలోకి, దుంప నుంచి మనిషిలోకి వస్తుందని, ఒంట్లో మెగ్నీషియం కొరత ఉంటే ఆ హాని పెరుగుతుందని ఆయన వాదన. 1989లో ఆ సిద్ధాంతాన్ని ప్రచురించారు. పరాన్నజీవులు, ఇయోసినోఫిల్ అనే ఒక రకం తెల్ల రక్తకణాలు కారణమనే వాదనలూ ఉన్నాయి, చర్చ తెగలేదు. తిండీ బతుకూ మెరుగుపడేకొద్దీ కేరళలో ఆ జబ్బే అరుదైపోయింది. సిద్ధాంతం పూర్తిగా నిలబడినా నిలబడకపోయినా, ఆపరేషన్ బల్ల మీది ముక్కను పట్టుకుని మట్టి దాకా వెళ్లిన సర్జన్లు ఎందరుంటారు?

రెండు దశాబ్దాలు శ్రీ చిత్రను నడిపి, మణిపాల్ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా చేసి, అరవై దాటాక ఆయన రాఘవన్ తిరుముల్పాడ్ అనే ఆయుర్వేద పండితుడి దగ్గర శిష్యుడిగా కూర్చుని చరకుణ్ని చదివారు. తర్వాత సుశ్రుతుడు, వాగ్భటుడు. ముగ్గురి మీదా పుస్తకాలు రాశారు. ఆయుర్వేదాన్ని గుడ్డిగా పొగడటం ఆయన పద్ధతి కాదు, దాన్ని ప్రయోగశాలకు తీసుకురావాలన్నారు. ఆ దారిలో ఒక అడుగు మన హైదరాబాదులోనే పడింది. కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సి.సి.ఎం.బి. శాస్త్రవేత్త తంగరాజ్ బృందంతో కలిసి 3,416 మందిని పరీక్షించి, ఆయుర్వేదం చెప్పే వాత, పిత్త, కఫ ప్రకృతుల్లో (శరీర తత్వాల్లో) ఏదో ఒకటి స్పష్టంగా ఉన్న 262 మంది మగవాళ్ల జన్యువులను పోల్చారు. 2015లో వచ్చిన ఆ ఫలితాల్లో 52 చోట్ల తేడాలు, పిత్త ప్రకృతికీ పి.జి.ఎం.1 అనే జన్యువుకీ పొంతన కనిపించాయి. 262 మంది చిన్న సంఖ్యే, దీంతోనే ప్రకృతి నిజమని తేల్చడం తొందరపాటు. కానీ ప్రశ్నను అంకెల్లోకి తెచ్చారు కాబట్టి ఇంకొకరు సరిచూడవచ్చు, కాదనవచ్చు.

2024 జులై 17న, తొంభై ఏళ్ల వయసులో ఆయన మణిపాల్‌లో కన్నుమూశారు. ఆయన చదివిన సుశ్రుత సంహితలో సర్జరీ నేర్చుకునే శిష్యుడి చేతికి ముందుగా కత్తీ, ఒక గుమ్మడికాయో సొరకాయో ఇస్తారు. రక్తనాళం కోయడం కలువ తూడు మీద నేర్పిస్తారు. మనిషి దగ్గరికి పంపేది ఆ తర్వాతే.