చేతివేళ్ల తిమ్మిరి, హ్యాండిల్ వంపు

పొద్దున్నే హైదరాబాద్‌లో బండి తీస్తే, సూర్యాపేట దాటకముందే నా కుడిచేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కేవి. టీకి ఆగి చెయ్యి విదిలిస్తే తగ్గేది, బండెక్కగానే మళ్లీ మొదలయ్యేది. వయసు వల్లేమో అనుకున్నాను. కారణం హ్యాండిల్ దగ్గర ఉంది.

ఏ వేలు తిమ్మిరెక్కిందో చూస్తే ఏ నరం నలుగుతోందో చాలావరకు తెలిసిపోతుంది. చిటికెన వేలు, దాని పక్కన ఉంగరపు వేలు అయితే అల్నార్ నరం. మోచెయ్యి గోడకు తగిలినప్పుడు కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమంటుందే, ఆ నరమే. అరచేతి అంచున, చిటికెన వేలికి దిగువగా ఉండే మెత్తటి కండ దగ్గర నుంచి అది వేళ్లలోకి వెళ్తుంది. ముందుకు వాలి బరువంతా ఆ అంచు మీద వేస్తే నరం నలుగుతుంది. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు మొద్దుబారితే అది మీడియన్ నరం. మణికట్టులో సొరంగం లాంటి ఇరుకు దారి ఒకటుంది. వేళ్లను ముడిచే 9 టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లలాంటివి), ఈ నరం కలిసి అందులోంచే వెళ్లాలి. మణికట్టు వెనక్కి వంగేకొద్దీ అక్కడ ఒత్తిడి పెరుగుతుంది. ఇక మోచేతి బయటివైపు నొప్పి అంటారా, మణికట్టును వెనక్కి ఎత్తే కండరాలు పుట్టేది అక్కడే. హ్యాండిల్‌ని గట్టిగా బిగించి పట్టుకుంటే అవీ గంటల తరబడి బిగుసుకునే ఉంటాయి.

ఒక చిన్న పని చేసి చూడండి. రెండు పిడికిళ్లలో చెరో పెన్ను పట్టుకుని, మణికట్లు ఎటూ వంచకుండా, చేతులు వదులుగా ముందుకు చాపండి. పెన్నులు రెండూ ఒకే గీతలో ఉండవు. బొటనవేలి వైపు కొస కాస్త ముందుకు, పైకి ఉంటుంది. చిటికెన వేలి వైపు కొస మన వైపుకు, కిందికి వాలుతుంది. చెయ్యి కోరుకునే వంపు అదే. తిన్నని కడ్డీ లాంటి హ్యాండిల్ పట్టుకుంటే కడ్డీ వంగదు కాబట్టి మణికట్టే వంగుతుంది. అందుకే హ్యాండిల్ ఎంచుకునేటప్పుడు ఎత్తు కన్నా ముందు ఈ పుల్‌బ్యాక్, అంటే హ్యాండిల్ కొసలు మన వైపుకు ఎంత వంగి ఉన్నాయో చూడాలని నా గట్టి నమ్మకం. మోచేతులు కొద్దిగా మడత పడి ఉండాలి. బార్లా చాపి ఉంటే రోడ్డు మీది ప్రతి కుదుపూ నేరుగా భుజానికి ఎక్కుతుంది. అలాగని మరీ ఎత్తు హ్యాండిలూ మంచిది కాదు. హైవే మీద గాలి ఛాతీని వెనక్కి తోస్తుంటే హ్యాండిల్ పట్టుకుని వేలాడాల్సి వస్తుంది.

అయితే కొత్తది కొనేముందు పానా తీయండి. క్లచ్, బ్రేక్ లివర్ల బోల్టులు వదులు చేసి, వేళ్లు చాపినప్పుడు ముంజేయి, అరచెయ్యి, వేళ్లు ఒకే వాలులో ఉండేలా లివర్లను తిప్పి బిగించండి. నా బాధ సగం దీంతోనే పోయింది, పైసా ఖర్చు లేకుండా.

వైబ్రేషన్ సంగతి వేరు. దాని మూలం ఇంజన్‌లో ఉంటుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2020లో మీటియార్ బండితో తెచ్చిన 349 సీసీ ఇంజన్‌లో బ్యాలెన్సర్ షాఫ్ట్ (ఇంజన్ అదురును ఎదురు బరువుతో తగ్గించే తిరిగే కడ్డీ) పెట్టింది అందుకే. పాత బండ్లకు హ్యాండిల్ చివర్లలో బరువులు బిగిస్తే కొంత ఊరట. మందపాటి గ్రిప్పులు అందరికీ పడవు, చిన్న చేతులవాళ్లు వాటిని ఇంకా గట్టిగా పిసకాల్సి వస్తుంది.

మిగతా సగం బాధ కోసం నేను పుల్‌బ్యాక్ ఎక్కువున్న హ్యాండిల్ వేయించాను. అది పాతదాని కన్నా రెండంగుళాలు ఎత్తు. షాపు ముందు బండి స్టార్ట్ చేసి, న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండిల్ ఎడమకు పూర్తిగా తిప్పాను. యాక్సిలరేటర్ ముట్టుకోలేదు, అయినా ఇంజన్ రయ్యిమంది. కేబుల్ పొడవు చాలక దానంతటదే లాగేస్తోంది. యూటర్న్ మధ్యలో అలా జరిగితే బండి మన చేతిలో ఉండదు. పొడవు కేబుళ్లు వేయించి, బ్రేక్ గొట్టం ఎటు తిప్పినా బిగుసుకోవట్లేదని చూసుకున్నాకే రోడ్డెక్కించాను.