ఆఖరి ఉరుకు: స్టాప్‌వాచ్ చెప్పేది, కళ్లు చూసేది

గుర్రాలకు శిక్షణ ఇచ్చేవాడి మెడలో స్టాప్‌వాచ్ వేలాడుతూనే ఉంటుంది. పందెం చూసేవారి కళ్లకూ ఆ గడియారానికీ ఎక్కువసార్లు పొసగనిది చివరి రెండు ఫర్లాంగుల దగ్గర, అంటే ఆఖరి 400 మీటర్లలో.

అపోహ: చివర్లో అందరినీ దాటిన గుర్రం అప్పుడే వేగం పెంచింది.

చాలా పందేల్లో అది వేగం పెంచదు, మిగతావాటికంటే తక్కువగా నెమ్మదిస్తుంది. పక్క పట్టాల మీది రైలు వేగం తగ్గితే మన రైలు ఒక్కసారిగా ఉరికినట్టు అనిపించదూ, ఇదీ అంతే. అమెరికాలోని పేరున్న పందెం, 2022 కెంటకీ డెర్బీనే చూడండి. పది ఫర్లాంగుల దూరం, ఇరవై గుర్రాలు. ముందున్నవి మొదటి రెండు ఫర్లాంగులను 21.78 సెకన్లలో దాటాయి. ఆ పందెం చరిత్రలో అంత వేగంగా మొదలైనది మరొకటి లేదు. నాలుగు ఫర్లాంగులకు 45.36 సెకన్లు. అలా ముందుండి ఉరికిన వాటిలో ఒకటి చిట్టచివరన చేరింది. ఒక దశలో 18వ స్థానంలో ఉన్న రిచ్ స్ట్రైక్, 80కి 1 ధర (రూపాయి కాస్తే ఎనభై లాభం, అంటే ఎవరూ ఆశ పెట్టుకోనిది) పలికిన గుర్రం, గెలిచింది. మొత్తం సమయం 2 నిమిషాల 2.61 సెకన్లు. తీసివేసి చూడండి: మిగిలిన ఆరు ఫర్లాంగులకు 77.25 సెకన్లు, అంటే ప్రతి రెండు ఫర్లాంగులకు దాదాపు 25.75. పందెం అంతగా చల్లబడింది. రిచ్ స్ట్రైక్ గొప్పగా పరుగెత్తిందనడంలో సందేహం లేదు. కానీ దానికి సగం గెలుపు ఇచ్చింది ముందున్న జాకీల తొందరే.

నిజంగా వేగం పెంచుకుంటూ పోయిన గుర్రమూ ఉంది. 1973 కెంటకీ డెర్బీలో సెక్రెటేరియట్ అనే గుర్రం రెండేసి ఫర్లాంగులకు తీసుకున్న సమయాలు: 25.2, 24, 23.8, 23.4, 23 సెకన్లు. శిక్షకుడిగా ఆ వరుస చూసినప్పుడల్లా నాకు కాస్త అసూయగానే ఉంటుంది. దాన్ని ఉదాహరణగా చూపి ప్రతి గుర్రం నుంచీ అదే ఆశించడం మాత్రం అన్యాయం.

అపోహ: దూరం పెరిగేకొద్దీ వెనక నుంచి వచ్చే గుర్రానికే లాభం.

దూరం ఒక్కటే ఏమీ తేల్చదు. ఆ దూరాన్ని ఎంత వేగంతో నడిపారన్నది తేలుస్తుంది. 1000 మీటర్ల పందెంలో మొదటి నుంచీ ఉరుకే కాబట్టి అందరూ చివర్లో అలసిపోతారు, అయినా వెనకబడినవాడికి పూడ్చుకునే దారి మిగలదు. పొడవైన పందెంలో ముందున్న జాకీ మెల్లగా నడిపిస్తే పందెమంతా చివరి మూడు ఫర్లాంగుల పరుగుగా మారిపోతుంది. అప్పుడు అందరి దగ్గరా బలం నిలవ ఉంటుంది, ముందున్న గుర్రం ఆగదు. ఇంగ్లండ్‌లో జరిగే ఎప్సమ్ డెర్బీలో 1986లో డాన్సింగ్ బ్రేవ్ అనే గుర్రానికి జరిగిందిదే. ఆఖరి మలుపు తిరిగేసరికి బాగా వెనక ఉంది. అక్కడి నుంచి అద్భుతంగా వచ్చినా గెలిచిన షహ్రస్తానీకి అర లెంగ్తు (లెంగ్తు అంటే ఒక గుర్రం పొడవు) దూరంలో ఆగిపోయింది. చివర్లో గెలిచినదానికంటే వేగంగా పరుగెత్తినా ఓడిపోవడమంటే అదే.

అపోహ: బలాన్ని మొత్తం దాచి చివర్లో ఒక్కసారే వాడాలి.

గుర్రం శరీరం గల్లాపెట్టె కాదు. నోటితో ఊపిరి తీయలేదు, ముక్కుతోనే తీయాలి. దౌడులో ఒక్కో అంగకు ఒక్కో ఊపిరి, ఆ లయ తప్పదు. పరుగు మొదలవగానే ప్లీహం కుదించుకుని, దాచి ఉంచిన ఎర్రకణాలను రక్తంలోకి వదులుతుంది. అయినా ఆక్సిజన్ అందించగలిగే వేగానికి ఒక హద్దు ఉంది. దాన్ని దాటి ఎంత సేపు పరుగెత్తితే కండరాల్లో అంత ఆమ్లత్వం పేరుకుంటుంది. ఆరంభంలోనే ఆ హద్దు దాటినవాటికి చివర్లో అంగ చిన్నదవుతుంది. మరీ నెమ్మదిగా ఉంచి ఒక్కసారి ఉరికించడమూ ఖరీదైన పనే. సమవేగమే చౌక. ముందొక గుర్రం గాలిని అడ్డుకుంటుంటే దాని వెనక నడవడం ఇంకా చౌక.

అపోహ: కొరడా తగిలితేనే ఉరుకు వస్తుంది.

ఆస్ట్రేలియాలో కొన్ని పందేలను పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో గుర్రాల అత్యధిక వేగం 600 నుంచి 400 మీటర్ల మధ్య, కొరడా వాడని భాగంలోనే కనిపించింది. కొరడా జోరందుకున్నది గుర్రాలు అలసిన చివరి 400లో.

అపోహ: బయటి వైపు తిప్పితే దారి దొరుకుతుంది, నష్టమేమీ ఉండదు.

అర్ధవృత్తపు మలుపులో ఒక్క మీటరు బయటికి జరిగితే 3.14 మీటర్లు అదనంగా పరుగెత్తాలి. రెండు మీటర్లు జరిగితే ఆరు మీటర్ల పైమాట, అంటే రెండు లెంగ్తులకు మించి. అంత దూరం తిరిగి కూడా స్వల్ప తేడాతో రెండో స్థానంలో వచ్చిన గుర్రాన్ని «ఉరుకు చాలలేదు» అని కొట్టిపారేసేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. మలుపులో అది ఎన్నో వరుసలో ఉందో చూసి, తర్వాతి పందెంలో దాని పేరు వెతకండి.