డీహెచ్ఐఎస్2కి కుప్పంతో ఏం పని?

ఫలానా ప్రభుత్వ సాఫ్ట్‌వేర్‌ని ఓపెన్ సోర్స్ చేశామని, అంటే కోడ్ ఎవరైనా చూసి వాడుకునేలా బయటపెట్టామని ప్రకటన రాగానే మనవాళ్లు ముందు వెతికేది కోడ్ పెట్టుకునే సైటు గిట్‌హబ్‌లోనే. 2020 మే 26న కోవిడ్ యాప్ ఆరోగ్య సేతు ఆండ్రాయిడ్ కోడ్ బయటపెట్టినప్పుడూ అంతే, మరి సర్వర్ కోడ్ ఏదీ అని గొడవ. అడగాల్సిందే, కాదనను. కానీ కోడ్ పెట్టినంత మాత్రాన దాని చుట్టూ మనుషులు చేరరు. చేరిన ఉదాహరణ కావాలంటే ఆసుపత్రులు, జిల్లాల ఆరోగ్య లెక్కలు పోగుచేసే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ డీహెచ్ఐఎస్2 ఉంది, ఇప్పుడు 70కి పైగా దేశాల్లో ఆరోగ్య శాఖల లెక్కలు నడిచేది దాని మీదే, ఆ కథలో మన కుప్పం కూడా ఉందని ఇక్కడి ఐటీ వాళ్లలో ఎంతమందికి తెలుసో మరి.

మొదలైంది దక్షిణాఫ్రికాలో. వర్ణవివక్ష పాలన పోయేనాటికి అక్కడ ఆరోగ్య వ్యవస్థ జాతికొక ముక్కగా ఉంది, ఒకచోటి లెక్క ఇంకోచోటి లెక్కతో కలిసేది కాదు. 1994 తర్వాత కేప్‌టౌన్‌లో ఆరోగ్య కార్యకర్తలు, అక్కడి పరిశోధకులు, నార్వేలోని ఓస్లో యూనివర్సిటీ వాళ్లు కలిసి మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌లోని డేటాబేస్ ప్రోగ్రామ్ యాక్సెస్ మీద ఒక సాఫ్ట్‌వేర్ కట్టారు, డీహెచ్ఐఎస్ మొదటి వెర్షన్ అదే. సాఫ్ట్‌వేర్ ఉచితమే, దాన్ని నడిపే ఆఫీస్ ప్యాకేజీ మాత్రం కొనుక్కోవాలి! అయినా ఒక మంచి పని చేశారు: కొత్త టీకా వచ్చినా, కొత్త లెక్క అడిగినా ప్రోగ్రామర్ కోసం ఎదురుచూడకుండా జిల్లా ఆఫీసులో ఉన్నవాళ్లే ఆ గడి చేర్చుకోవచ్చు. అది తర్వాత దేశాలు దాటడానికి అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చింది ఈ గుణమేనని నా నమ్మకం.

2000 ప్రాంతంలో అది కుప్పం వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి నియోజకవర్గం, కాబట్టి ఎందుకు వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. నియోజకవర్గంలోని పీహెచ్‌సీలతో మొదలుపెట్టారు. పీహెచ్‌సీ పని చూసినవాళ్లకు తెలుసు, నెలాఖరు వస్తే ఏఎన్ఎం గర్భిణుల రిజిస్టరు, టీకాల రిజిస్టరు, ఇంకా అలాంటివన్నీ ముందేసుకుని పేరు పేరునా లెక్కపెట్టి, అదే అంకెను రెండు మూడు ఫారాల్లో రాసి పైకి పంపుతుంది, పంపాక ఆ అంకె మళ్లీ ఆమె కంటపడదు. కంప్యూటర్ పెట్టినంత మాత్రాన ఆ రాత తగ్గుతుందా అన్న ప్రశ్న దగ్గరే ఇలాంటి చాలా ప్రాజెక్టులు చతికిలబడతాయి.

తర్వాత అడుగు కేరళలో పడింది. ఓపెన్ సోర్స్ వైపు మొగ్గిన రాష్ట్రానికి యాక్సెస్‌తో నడిచేది ఎలా ఇస్తారు? అప్పటికే ఓస్లోలో జావాతో, బ్రౌజర్‌లో నడిచేలా కొత్త వెర్షన్ రాస్తున్నారు, ఎక్కువగా మాస్టర్స్ విద్యార్థులే. 2006లో డీహెచ్ఐఎస్2 మొదట నడిచింది కేరళలోనే.

అసలు సంగతి ఇక్కడుంది. కోడ్ అందరిదీ అన్నా, మార్పులు కలిపే చేతులు ఓస్లోలోనే ఉండిపోయాయి. అప్పటి నత్తనడక ఇంటర్నెట్‌తో ఇక్కడ కూర్చుని వాళ్లతో సమానంగా రాయడం అంత తేలికా? కానీ పెరిగింది ఇంకో రకం కమ్యూనిటీ: కోడ్ రాయకుండా సాఫ్ట్‌వేర్‌ని జిల్లాల్లో నిలబెట్టేవాళ్లు, సిబ్బందికి నేర్పేవాళ్లు, ఇది పనిచేయట్లేదని ఓస్లోను పట్టి పీడించేవాళ్లు. ఒక దేశంలో నేర్చినవాళ్లు పక్క దేశానికి వెళ్లి నేర్పారు. 2011కి కెన్యా దేశం మొత్తాన్నీ ఒకే ఆన్‌లైన్ సర్వర్ మీదికి తెచ్చింది, ఊళ్లలో మొబైల్ నెట్‌తోనే. మన దగ్గర 2015లోనే కేంద్రం ఓపెన్ సోర్స్ విధానం ప్రకటించింది గానీ టెండర్ పద్ధతి మారలేదు. వెండర్ అప్పగిస్తాడు, బిల్లు పాసవుతుంది, ఆ తర్వాత దాన్ని పట్టించుకోవడానికి ఎవరికీ జీతం ఉండదు.

2020 జనవరిలో కోవిడ్ భయంతో శ్రీలంక బృందం విదేశాల నుంచి దిగేవాళ్ల నమోదుకు కొద్ది రోజుల్లోనే డీహెచ్ఐఎస్2లో ఒక పద్ధతి తయారుచేసింది. అందరూ చూస్తుండగానే అది మిగతా దేశాలకు పాకింది. ఆ ఏడాదే నార్వే మున్సిపాలిటీలు కూడా కోవిడ్ సోకినవాళ్లను కలిసినవారి వివరాల కోసం డీహెచ్ఐఎస్2నే వాడుకున్నాయి, అంతవరకూ దాన్ని బయటి దేశాల కోసమే రాసిన నార్వే.