డాష్‌బోర్డు తాళంచెవి సర్వర్ దగ్గరే ఉండాలె

హనుమకొండ

బిడ్డలూ,

వరంగల్ ఎనుమాముల మార్కెట్ అడ్తిదారుల (కమీషన్ ఏజెంట్ల) కోసం మీరు కడుతున్న వెబ్ యాప్‌లో మిర్చి, పత్తి లెక్కల డాష్‌బోర్డు పెట్టాలన్నారు కదా. చార్టులన్నీ మొదటినుంచి కోడ్ రాసుకుంటూ కూర్చోవద్దు. డాష్‌బోర్డులు తయారుచేసే సాఫ్ట్‌వేర్లు మెటాబేస్‌లోనో సూపర్‌సెట్‌లోనో చేసి, మీ పేజీలో ఐఫ్రేమ్‌గా, అంటే పేజీలో ఇంకో పేజీని చూపే చట్రంగా, తెచ్చుకుంటే సరిపోతది. కష్టమంతా ఒక అడ్తి లెక్క ఇంకో అడ్తికి కనపడకుండ చూసుడులోనే ఉంది.

పబ్లిక్ లింకు తీసి, దాని చివర అడ్తి నంబరు 41 అని ఫిల్టరు తగిలించేటోళ్లు ఉన్నరు. ఆ 41ని 42 చేసి ఎంటర్ కొడితే పక్క దుకాణం లాట్లు, ధరలు, కాంటా లెక్కలు అన్నీ తెరమీదికొస్తయ్. ఇట్ల చెయ్యొద్దు.

మెటాబేస్‌లో దీనికి సంతకం చేసిన టోకెన్ ఉంది, అంటే సర్వర్ ఇచ్చే అనుమతి చీటీ. దాన్ని జేడబ్ల్యుటి (జేసన్ వెబ్ టోకెన్) అంటరు. ఏ డాష్‌బోర్డు, ఏ అడ్తి, ఎప్పటిదాకా చెల్లుతది అనేవి రాసి, మీ సర్వరే సీక్రెట్ కీతో సంతకం పెట్టాలె. ఎవరన్న నంబరు మారిస్తే సంతకం కలవదు, పేజీ తెరుచుకోదు. అడ్తి నంబరును లాగిన్ సెషన్ నుంచే తీయండి. బ్రౌజర్ పంపిన నంబరును నమ్మితే తాళమేసి చెవి దొంగ చేతికిచ్చినట్టే. కీ సర్వర్ ఎన్విరాన్‌మెంట్‌లో (సర్వర్ సెట్టింగుల్లో) ఉండాలె, బ్రౌజర్‌కు పోయే జావాస్క్రిప్ట్‌లో గానీ కోడ్ దాచే గిట్‌లో గానీ కాదు. టోకెన్‌లో రాసింది ఎవరైనా విప్పి చదవొచ్చు, అందుకే రైతుల ఫోన్ నంబర్లు అందులో పెట్టొద్దు.

ఎంబెడ్ సెట్టింగుల్లో అడ్తి ఫిల్టరును 'లాక్డ్' (చూసేటోళ్లు మార్చలేనిది) చేయాలె. అంతటితో అయిపోయిందనుకోకండి. ఆ ఫిల్టరును డాష్‌బోర్డు మీదున్న ప్రతి కార్డుకూ (చార్టుకూ) కలపాలె. పది కార్డుల్లో ఒక్కటి కలపడం మరిచిపోతే ఆ ఒక్కదాంట్ల మార్కెట్ మొత్తం లెక్క కనపడ్తది. ఎక్కువగా దొర్లే పొరపాటు ఇదే.

టోకెన్‌కు 10 నిమిషాల గడువు పెట్టి, అది తీరేలోపే పేజీ కొత్తది తెచ్చుకునేటట్టు రాయండి. సూపర్‌సెట్‌లో ఇట్లాంటి చీటీనే గెస్ట్ టోకెన్ అంటరు, దానికి మామూలుగా 5 నిమిషాలే.

ఐఫ్రేమ్ తెల్లగా, ఖాళీగా వస్తే ముందు బ్రౌజర్ కన్సోల్ చూడండి. 'ఫ్రేమ్ యాన్సెస్టర్స్' అని ఉంటే డాష్‌బోర్డు సర్వర్ మీ డొమైన్‌కు అనుమతి ఇయ్యలేదన్నట్టు. మీ యాప్ హెచ్‌టీటీపీఎస్‌లో, డాష్‌బోర్డు హెచ్‌టీటీపీలో ఉన్నా బ్రౌజర్ ఆపేస్తది. రెండింటినీ ఒకే డొమైన్ కింద సబ్‌డొమైన్లుగా పెడితే కుకీల తిప్పలూ తగ్గుతయ్.

టైం జోన్ సంగతి మరువొద్దు. తెల్లవారుజామున 4 గంటలకు దిగిన బస్తాలు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ముందురోజు రాత్రి 10:30 కింద పడ్తయ్. సోమవారం సరుకు ఆదివారం ఖాతాలకు పోతది, ఆదివారం మార్కెట్టే ఉండదాయె! టైంస్టాంప్ కాలమ్‌ను టైం జోన్‌తో సహా దాచి, రిపోర్ట్ టైం జోన్‌ను ఆసియా/కోల్‌కతా అని పెట్టండి.

అడ్తిదారులకు ఇచ్చే ముందు రెండు బ్రౌజర్లలో రెండు అడ్తిల లాగిన్లు పక్కపక్కన తెరవండి. ఒక్కో కార్డులోని క్వింటాళ్లను వాళ్ల తక్‌పట్టీలతో (అమ్మకం చీటీలతో) సరిచూడండి. ఆ తర్వాత టోకెన్ నడుమ ఒక్క అక్షరం మార్చి పేజీ మళ్లీ తెరవండి. ఎర్రర్ వస్తేనే అడ్తిదారుల చేతికియ్యండి.

మీ
పెద్దబాపు