మాటకు రంగు ఎక్కడ అంటుతుంది? డెస్కు నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

తెలుగు దినపత్రికలో జిల్లా డెస్కు ఉద్యోగం నాది. మండలాల నుంచి విలేకరులు రాసి పంపిన వార్తను (మా భాషలో ‘కాపీ’) దిద్దడం, శీర్షిక పెట్టడం, పేజీకెక్కించడం. కొత్తగా చేరిన సబ్‌ఎడిటర్లకు మాటల గురించి కొన్ని గట్టి నమ్మకాలుంటాయి. బయట రాసేవాళ్లలోనూ అవే కనిపిస్తుంటాయి. తిట్టు మాటను ఎవరైనా పట్టేస్తారు. పేచీ అంతా తిట్టులా కనిపించని మాటలతోనే.

అపోహ: అనుమానం వస్తే నిఘంటువు చూసుకుంటే సరి.

నిఘంటువు అర్థం చెబుతుంది. ఆ మాట వినగానే ఎదుటివాడి మొహం ఎలా మారుతుందో చెప్పదు. ప్రబుద్ధుడంటే మేల్కొన్నవాడు, జ్ఞాని. ఇవాళ వార్త ‘ఓ ప్రబుద్ధుడు’ అని మొదలైతే మూడో వాక్యంలో అతని మీద కేసు నమోదవుతుంది. కైంకర్యమంటే దేవుడికి చేసే సేవ, తిరుమల వార్తల్లో ఇప్పటికీ అదే అర్థం. ‘సంఘం నిధులు కైంకర్యం’ అంటే మాత్రం ఎవరో మింగేశారన్నమాట. ఒకే పేజీలో రెండు కైంకర్యాలు వచ్చినా పాఠకుడు తికమకపడడు. పక్కన దేవుడున్నాడా, నిధులున్నాయా అని చూసుకుంటాడంతే.

పాత అర్థమే అసలు అర్థమని పట్టుబట్టేవాళ్లూ ఉన్నారు. సంస్కృతంలో సభికుడంటే జూదశాల నడిపేవాడు. ధర్మశాస్త్రాల్లో సాహసం దౌర్జన్యంతో చేసే నేరం. ఆ లెక్కన ‘సభికులారా’ అని పిలిచిన వక్త మీద పరువునష్టం దావా వేయాలి, పిల్లలకిచ్చే సాహస పురస్కారాలు రద్దు చేయాలి.

అపోహ: మంచి మాట ఎక్కడ పెట్టినా మంచే.

‘మహానుభావుడు’, ‘ఘనకార్యం’, ‘పెద్దమనిషి’ ఎంత తేలిగ్గా తిరగబడతాయో ఇంట్లో రోజూ వింటూనే ఉంటాం. శీర్షికల్లో గుడి మాటల సంగతి మరీ చిత్రం. శఠగోపం పెట్టించుకుంటే పుణ్యం, చిట్టీల వ్యాపారి శఠగోపం పెడితే మన డబ్బు పోయినట్టు. మంగళం శుభమే, పథకానికి మంగళం పాడితే ఆ పథకం లేనట్టే.

ఇలాంటివాటిలో నాకు బాగా భయమున్న మాట ‘నిండుకోవడం’. ఇంట్లో బియ్యం అయిపోయాయని అనడం అశుభమని, ‘నిండుకున్నాయి’ అనడం మన అలవాటు. ఆ అలవాటు తెలియని కుర్ర విలేకరి, శ్రీశైలంలో నీటిమట్టం పూర్తిస్థాయి 885 అడుగులకు చేరిన రోజు ఉత్సాహంగా ‘జలాశయం నిండుకుంది’ అని రాసి పంపితే? చదివిన రైతు గుండె గుభేలుమంటుంది. నిండింది, నిండుకుంది: మధ్యలో ఉన్నది ఒక్క ‘కు’. గేట్లు ఎత్తిన ఫొటో పక్కన ఆ శీర్షిక వస్తే మర్నాడు ఫోన్లు ఎత్తలేం.

అపోహ: సంస్కృతం మర్యాద, తేట తెలుగు మొరటు.

‘కన్నుమూశారు’ తేట తెలుగే, అంతకంటే సున్నితమైన మాట చూపించండి. ‘లీలలు’ సంస్కృతమే, ఓ అధికారి లీలలని రాసి చూడండి. ఇంతకుమించి దీనిమీద వాదన అనవసరం.

అపోహ: ఒక మాట అందరికీ ఒకేలా వినిపిస్తుంది.

గోదావరి జిల్లాల్లో ‘కాటన్ దొర’ అంటే చేతులు జోడించేవాళ్లున్నారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్‌ను ఆ మాటతోనే తలుచుకుంటారు. నల్గొండ పల్లెలో ఒట్టి ‘దొర’ అంటే గడీ, వెట్టిచాకిరి గుర్తొస్తాయి. ఒకే పత్రిక రెండు రాష్ట్రాల్లో అమ్ముడవుతుంటే ‘సినీ దొర’ లాంటి ముచ్చటైన శీర్షిక ఒకచోట నవ్వు తెప్పిస్తుంది, ఇంకోచోట గుచ్చుకుంటుంది.

‘ముఠా’ కూడా అంతే. క్రైమ్ పేజీలో ముఠా అంటే దొంగల గుంపు. గుంటూరు మిర్చి యార్డులో ముఠా అంటే బస్తాలు మోసే కూలీల జట్టు. యార్డు వార్తకు ‘రెచ్చిపోయిన ముఠా’ అని శీర్షిక పెట్టామంటే, కూలి రేట్లు పెంచమని అడిగినవాళ్లని దొంగల పక్కన నిలబెట్టినట్టే. ఉర్దూలో రజాకార్ అంటే స్వచ్ఛందంగా ముందుకొచ్చి పనిచేసేవాడు. 1947-48లో ఖాసిం రజ్వీ మనుషులు హైదరాబాద్ సంస్థానంలో చేసిన పనుల తర్వాత తెలంగాణలో ఆ మాట ఎవరినైనా తిట్టడానికి తప్ప మరెందుకూ పనికిరాకుండా పోయింది. నిఘంటువులో ఒక్క అక్షరం మారలేదు.

అపోహ: ‘అన్నారు’, ‘చెప్పారు’ పదేపదే వస్తే చప్పగా ఉంటుంది, క్రియ మార్చి రాస్తే శైలి బాగుంటుంది.

నా లెక్కలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. ఈ కాపీ చూడండి:

‘వారం రోజులుగా కుళాయి నీళ్లు రావడంలేదని మహిళలు గగ్గోలు పెట్టారు. పైపులైను మరమ్మతుల వల్లే ఆలస్యమైందని కమిషనర్ బుకాయించారు.’

రెండు వాక్యాలు, రెండు తీర్పులు. గగ్గోలు పెట్టారంటే వాళ్ల మాటలో పస లేదు, అరుపే ఉందని. బుకాయించారంటే ఆయన అబద్ధమాడారని. పైపు నిజంగా పగిలిందో లేదో విలేకరి వెళ్లి చూశాడా? చూసి ఉంటే ఆ సంగతే రాయాలి. చూడకపోతే ‘బుకాయించారు’ అనే హక్కు మనకు లేదు. అదే చోట ‘ఒప్పుకున్నారు’ పెడితే ఆయన తప్పు చేసి దొరికినట్టు, ‘వివరించారు’ పెడితే మనం ఆయన పక్షాన నిలబడినట్టు, ‘సెలవిచ్చారు’ పెడితే వెటకారం. మహిళలు ‘నిలదీశారు’ అంటే న్యాయం వాళ్లవైపు, ‘రచ్చ చేశారు’ అంటే అటువైపు. ఏ మాటా తిట్టు కాదు. ‘చెప్పారు’ చప్పగానే ఉంటుంది, ఉండనివ్వండి. మంచినీళ్లూ చప్పగానే ఉంటాయి.

రాజకీయ వార్తల్లో ‘మండిపడ్డారు’, ‘ధ్వజమెత్తారు’, ‘నిప్పులు చెరిగారు’ అరిగిపోయాయి, వాటికిప్పుడు సెగ లేదు. నిజంగా కోపమొచ్చి మాట్లాడిన రోజున ఏం రాయాలో తోచని పరిస్థితి.

ఇక ‘డు’, ‘రు’. లారీ, కారు ఢీకొన్న వార్త వస్తుంది. ‘లారీ డ్రైవర్ అక్కడికక్కడే చనిపోయాడు. కారులోని డాక్టర్ ఆసుపత్రికి తరలిస్తుండగా మృతి చెందారు.’ రాసినవాడికి ఎవరి మీదా చిన్నచూపు లేదు, చేయి అలా వెళ్లిపోయిందంతే. పాఠకుడికీ తేడా తట్టదు. చనిపోయిన ఇద్దరిలో ఒకరు తక్కువని ఆ ‘డు’ చెప్పేసింది. కూలి చేసుకునే ఆమె ‘తెలిపింది’, ప్రధానోపాధ్యాయురాలు ‘తెలిపారు’. కోట్లు ఎగ్గొట్టిన వ్యాపారి అరెస్టయ్యారు, గొలుసు తెంపినవాడు దొరికిపోయాడు. కోర్టు ఇంకా ఇద్దరిలో ఎవరినీ దోషి అనలేదు.

నిందితుడికి ‘రు’ ఏమిటని కసిరే సీనియర్లున్నారు. నేను వాళ్లతో అంత దూరం వాదించను. ఒకే వార్తలో పెద్దవాళ్లందరికీ ఒకే ప్రత్యయం పెడతాను, అది ‘డు’ అయినా ‘రు’ అయినా. పేజీలో చోటు కూడా అదనంగా పట్టదు.

అపోహ: చెడ్డ మాట తీసి మంచి మాట పెడితే చిన్నచూపు పోతుంది.

2015 డిసెంబరులో ప్రధాని ‘మన్ కీ బాత్’లో సూచించాక ‘వికలాంగులు’ పోయి ‘దివ్యాంగులు’ వచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో ‘విభిన్న ప్రతిభావంతులు’ కూడా వాడుకలో ఉంది. తమకు దివ్యత్వం అక్కర్లేదు, ర్యాంపులు కావాలన్న వైకల్య హక్కుల సంఘాల అభ్యంతరమూ తెలిసిందే. డెస్కులో మేం సంఘాలవాళ్లు తమను తాము ఏమని పిలుచుకుంటారో కనుక్కుని అదే వాడితే మేలంటాను. పేరు మార్చిన తర్వాత కూడా కాపీ ఇలాగే వస్తోంది: ‘దివ్యాంగుడైనా పట్టు వదలకుండా గ్రూప్-2 ఉద్యోగం సాధించాడు.’ ఇందులో నొప్పించేది ‘దివ్యాంగుడు’ కాదు, దాని తోకకున్న ‘అయినా’. అలాంటివాళ్లు సాధించలేరని మనం ముందే అనుకున్నట్టు అది బయటపెడుతుంది. ‘సాధించాడు’లోని ‘డు’ సరేసరి. దిద్దడానికి అర నిమిషం పడుతుంది: ‘చంకకర్రల సాయంతో నడిచే ఆయన గ్రూప్-2 ఉద్యోగానికి ఎంపికయ్యారు. రెండంతస్తుల పైనున్న పరీక్ష గదికి లిఫ్టు లేదు.’